ఆరుకు రెండు

పోయిన ఆదివారం పుంగనూరు గ్రంథాలయంలో చాలాకాలంగా తాళం వేసి ఉన్న ఒక బీరువా తెరిచారు. తలుపు లాగగానే కలరా ఉండల వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. పక్కన పేపరు చదువుతున్న పెద్దాయన రెండుసార్లు తుమ్మి, కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను. మదనపల్లెలో ఒక మేడమీది గది, అందులో పచ్చరంగు పెచ్చులూడిన ఇనుప బీరువా, దాని ముందు కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ఫైలు వెతుకుతున్న నూర్జహాన్ ఆపా, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. ఫైళ్లకు పురుగు పట్టకూడదని ఆమె అరఅరకూ నాలుగేసి కలరా ఉండలు వేసేది. ఆరేళ్లు ఆ గదిలో పనిచేశాను. సాయంత్రం ఇంటికి పోతే మా అమ్మ, "ఏమిరా, పట్టుచీరల పెట్టెలో దూరి వస్తాండావా?" అనేది.

ఆపా అంటే అక్క అని అర్థం. ఆఫీసులో అందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్లం. మదనపల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మా తెలుగు. ఇరవై ఏళ్లు ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి, మోకాళ్ల నొప్పులతో ఆ పని మానేసి, ఎయిడ్స్ నివారణకు పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థలో సలహాలు చెప్పే పనికి చేరింది. మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లతో మా పని. వాళ్లకు పరీక్షలు చేయించడం, మందులు ఇప్పించడం, చెప్పుకునేది వినడం. అప్పటికి చట్టం ఆ ఇష్టాన్ని ఇంకా నేరంగానే చూసేది. అందుకని మా కాగితాల మీద ఎవరి పేరూ ఉండేది కాదు. పేరుకు బదులు ఒక నంబరు. ఏ నంబరు ఎవరిదో ఆపాకు తెలుసు, ఆ మనిషిని తీసుకొచ్చిన మాలో ఒకరికి తెలుసు. అంతే.

నేను ఆ ఉద్యోగానికి పోయిన రోజు ఆమె అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"ఏం సదివినావప్పా?"

"ఇంటర్ తప్పినాను మేడం. అయితే పుంగనూరు లైబ్రరీలో కథల బీరువా మొత్తం అయిపోయింది. సైన్సు బీరువా సగానికి వచ్చినాను."

ఆమె పక్కనున్న లెక్కల గుమాస్తా వైపు తిరిగి, "సూసినావా? ఈయన బీరువాల లెక్కన సదువుతాడంట" అని నవ్వింది. నాకు రోషం వచ్చింది. జిరాక్సు అంగడిలో పనిచేస్తూ, మధ్యాహ్నం అన్నం మానుకుని గ్రంథాలయానికి పరిగెత్తి చదివిన చదువు అది. డిగ్రీలున్నవాళ్లకు తెలియని విషయాలు నాకు తెలుసని నా నమ్మకం. ఆమె నా ముఖం చూసింది. "కోపం సేసుకోవద్దు. మాకు సదివేటోడే కావాల. రేపట్నుంచి రా" అంది.

పని నేర్చుకోవడానికి నాకు ఎక్కువ రోజులు పట్టలేదు. పై ఆఫీసు నుంచి వచ్చిన ఫారం ఉండేది. వయసు, ఊరు, పెళ్లి అయిందా లేదా. తర్వాత మనిషి ఏ రకమో టిక్కు పెట్టడానికి మూడు గడులు. ఆ గడుల్లో ఒకదాని పేరు 'డబుల్ డెక్కర్'. ఇరువైపులా పోయేవాళ్లకు ఎవరో ఏనాడో పెట్టిన పేరు. అంగళ్లు అనే ఊరి నుంచి వచ్చే ఒక వడ్రంగి దాన్ని విని పగలబడి నవ్వాడు. "ఆపా, మదనపల్లెలో సింగల్ బస్సుకే దిక్కు ల్యాకుంటే నాకు డబుల్ డెక్కర్ ఇస్తాండారే!" అన్నాడు. ఆపా కూడా నవ్వి, "పెన్సిలు నీ చేతికిస్తాండా, నువ్వే పెట్టుకో టిక్కు. యాడా వద్దనుకుంటే వదిలెయ్" అంది.

అది ఆమె పద్ధతి. ఫారం పెన్సిలుతోనే నింపేది. చివర్లో, రాసిందంతా ఆ మనిషికి చదివి వినిపించేది. చదువు వచ్చినవాళ్లకు కాగితం వాళ్ల వైపు తిప్పి, రబ్బరు కూడా పక్కన పెట్టేది. "నీ గురించి రాసింది నీకు తెలీకుండా నా బీరువాలో ఉండకూడదు" అనేది. కొందరు వినగానే తల ఊపేవాళ్లు. కొందరు, "అట్లా అన్నానా? కాదులే ఆపా, తుడిపెయ్" అనేవాళ్లు. ఒక ఫారానికి గంట పట్టేది. నాకు విసుగొచ్చేది. రోజుకు పది ఫారాలు చేయాల్సింది మేం నాలుగు చేసేవాళ్లం.

ఒకసారి తిరుపతి నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. పాత ఫారాలూ కొత్త ఫారాలూ పక్కపక్కన పెట్టి, ఒక నంబరు దగ్గర వేలు పెట్టాడు. "ఈ మనిషికి మూడు నెలల కిందట ఒక గడిలో టిక్కు ఉంది. ఇప్పుడు వేరే గడిలో ఉంది. ఏది నిజం మేడం?"

"రెండూ ఆయన చెప్పినవే సార్" అంది ఆపా.

"ఒక మనిషి రెండెట్లా అవుతాడు?"

"ఆ సంగతి ఫారం అచ్చేసినోళ్లను అడగాల సార్."

ఆయన ఎర్ర ఇంకుతో ఏదో రాసుకుని పోయాడు. ఆ రోజు నేను లోలోపల ఆయన పక్షమే. మనిషికి ఒక కొలత ఉండాలి, అది తెలియకపోవడం మన చేతకానితనం అని అనుకున్నాను. కొలిచే సాధనం దొరికితే ఆపాకు, పై ఆఫీసుకు, అందరికీ చూపించాలని పట్టుదల పుట్టింది.

అది దొరికింది కూడా. పుంగనూరు లైబ్రరీ సైన్సు బీరువా అడుగు అరలో లావుపాటి ఇంగ్లీషు వైద్యగ్రంథం ఒకటి ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని, సెలవు రోజుల్లో ఒక్కో పేజీకి ఒక్కో మధ్యాహ్నం ఖర్చు చేస్తూ చదివాను. మనుషుల ఇష్టాన్ని రెండు ముక్కలుగా కోయడం కుదరదని, దాన్ని సున్నా నుంచి ఆరు దాకా ఒక మెట్ల వరసగా చూడాలని ఒక విదేశీ శాస్త్రవేత్త చెప్పాడని అందులో ఉంది. సున్నా అయితే పూర్తిగా అవతలి లింగం వాళ్ల మీదే ఇష్టం. ఆరయితే పూర్తిగా తన లింగం వాళ్ల మీదే ఇష్టం. మధ్యలో ఐదు మెట్లు. అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. చీకటి గదిలో స్విచ్చు చేతికి తగిలినట్టయింది. ఆ మెట్లు ఆ శాస్త్రవేత్తవి. దానికి నేను సొంతంగా ఇరవై ప్రశ్నలు తయారుచేశాను. ఎవరి గొంతు ఫోనులో వింటే ఒళ్లు తేలికవుతుంది? పెళ్లి ఊరేగింపు పోతుంటే పెళ్లికూతుర్ని చూస్తావా, పెళ్లికొడుకునా? ఎవరు గుర్తొస్తే చేతిలో పని ఆగిపోతుంది? ఒక్కో జవాబుకు మార్కులు. అన్నీ కలిపి భాగిస్తే ఆరుకు ఇన్ని అని తేలుతుంది. నోటుపుస్తకంలో గీతలు గీసి, స్కేలు పెట్టి, అట్టకు కాగితం కూడా వేశాను.

ఆపాకు చూపిస్తే మొత్తం చదివింది. ఊరేగింపు ప్రశ్న దగ్గర నవ్వింది. "నేనైతే బ్యాండు మేళమోళ్లను సూస్తా. దానికెన్ని మార్కులు?" అని అడిగింది. తర్వాత నోటుపుస్తకం మూసి, "నీకెంత వచ్చిందప్పా?" అంది.

"సున్నా" అన్నాను, ఆమె మాట పూర్తికాకముందే.

అబద్ధం. గ్రంథాలయంలోనే, కిటికీ పక్క బల్ల మీద, రెండుసార్లు వేసుకున్నాను. ఒకసారి మూడు వచ్చింది. రబ్బరుతో తుడిచేసి మరుసటి వారం మళ్లీ వేస్తే ఒకటి వచ్చింది. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. అమ్మ సంబంధాలు చూస్తోంది. రెండు దాటకపోతే పెళ్లి చేసుకోవచ్చని నాకు నేనే ఒక హద్దు గీసుకున్నాను. ఏ పుస్తకంలోనూ లేని హద్దు అది. ఆపా నన్ను ఒక్క క్షణం చూసి, "పుస్తకం మంచిదే, సదువు. మనుషుల మీద నంబర్లు మాత్రం ఎయ్యొద్దు" అంది. సరేనన్నాను. మనసులో మాత్రం, ఈమెకు సైన్సు తెలియదు అనుకున్నాను.

రెడ్డెప్పది చౌడేపల్లె పక్క ఊరు. పదెకరాల మెట్ట సేద్యం, ఆవులు ఉన్న ఇల్లు. అతను పాలవ్యాను తోలేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు. మా దగ్గరికి రెండేళ్లుగా వచ్చి పోతున్న మనిషే. ఒకరోజు నన్ను ఆఫీసులో కలవకుండా, పుంగనూరులో పశువుల ఆసుపత్రి దగ్గరికి రమ్మన్నాడు. పిట్టగోడ మీద కూర్చున్నాం. వ్యానులో ఖాళీ క్యాన్లు ఎండకు మెరుస్తున్నాయి.

"రత్నమన్నా, కుప్పం తట్టు సంబంధం కుదిర్సినారు. పై శుక్రవారం తాంబూలాలు. నువ్వేదో లెక్క కడతావంటనే? నీ బుక్కు సూసిన వడ్రంగన్న చెప్పినాడు."

"కడతాను."

"నాకు కట్టు. నా సంగతి నీకు తెలుసు కదా, ఆ మనిషితో నాలుగేండ్లుగా ఉండా. ఇప్పుడీ పిల్లను చేసుకుంటే ఆ పిల్ల గొంతు కోసినట్టవుతాదా, కాదా? అదొక్కటి చెప్పు సాలు."

నన్నొకరు అలాంటి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నోటుపుస్తకం తీశాను. నాలుగైదు ప్రశ్నలకు బాగానే జవాబు చెప్పాడు. తర్వాత తడబడ్డాడు. "అది నువ్వే రాసుకోన్నా" అన్నాడు. మరో ప్రశ్నకు, "నీకేది బాగుంటే అది" అన్నాడు. నేను రాసుకున్నాను. చివర కూడి, భాగించి, "ఆరుకు రెండు" అన్నాను.

"అంటే?"

"ఎక్కువ భాగం మామూలే. పెళ్లి చేసుకోవచ్చు."

అతను నా చెయ్యి పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. "అన్నా, అది కాగితం మీద రాసియ్యి. యాడన్నా మనసు చెదిరితే సూసుకుంటా" అన్నాడు. నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, '6కు 2' అని రాసి, కింద మునిరత్నం అని సంతకం పెట్టి ఇచ్చాను. డాక్టరు చీటీ రాసినంత దర్జాగా రాశాను. మదనపల్లెకు తిరిగి వచ్చే బస్సులో చాలా సంతోషంగా ఉన్నాను.

ఆ మంగళవారం టీ తాగుతూ ఆ సంగతి ఆపాకు నేనే గొప్పగా చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"వాడు చెప్పింది వానికి సదివి వినిపించినావా?"

"నంబరు చెప్పినాను ఆపా."

"నంబరు గాదు. వాని మాటలు. ఆ బుక్కు ఇట్లియ్యి."

కళ్లద్దాలు పైకి తోసుకుని, ఒక్కో ప్రశ్నా చదివి, జవాబు దగ్గర ఆగి, "ఇది వాడు అన్నాడా, నువ్వు రాసినావా?" అని అడిగింది. మొదటి ఐదుకూ అతనే అన్నాడన్నాను. ఆరోది నేనే రాశానన్నాను. అట్లా ఇరవై దాకా పోయేసరికి, పదకొండు జవాబులు నావని తేలింది. ఆపా నోటుపుస్తకం నా వైపు తిప్పింది. "ఈ రెండు వానిది గాదప్పా. నీది" అంది.

ఆమె లెక్క గురించే అన్నది. నాకు మాత్రం అది ఇంకో చోట తగిలింది. అతనికి మాట రాని ప్రతిచోటా నేను నా మాటే రాశాను. నాకు ఎంత రావాలని రెండు వారాలు రబ్బరు అరగదీశానో, అంతే అతనికి వచ్చేట్టు చేశాను. ముక్కూ ముఖం తెలియని ఒక ఆడపిల్ల బతుకు మూడు రోజుల్లో ఆ అంకె మీద ఆనబోతోంది.

"ఆపా, ఇప్పుడేం చేయాల?"

"ఏం చేస్తాం, పోవాల. రాసినోడే పోయి చెప్పాల. నాకు మోకాళ్లు నొస్తాయి, అయినా వస్తాలే."

మరునాడు పొద్దున్నే కుప్పం బస్సెక్కాం. పుంగనూరులో సీటు దొరికింది. పలమనేరు దాటేదాకా ఆమె తస్బీ జపమాల తిప్పుకుంటూ కూర్చుంది. అడవి దారి మొదలయ్యాక అంది: "మనం ఆ పిల్ల ఇంటికి పోవటం లేదు. వాళ్ల నాయనకు చెప్పటం లేదు. వాని గుట్టు వానిదే. నువ్వు రాసిన తప్పు నువ్వు వాపసు తీసుకో. అంతవరకే మన పని. తెలిసిందా?"

"ఆ తర్వాత కూడా అతను చేసుకుంటానంటే?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "అప్పుడు నాకు నిద్ర పట్టదు. అయినా చెప్పను" అంది.

రెడ్డెప్ప తాంబూలాల పనుల మీద కుప్పంలో వాళ్ల అక్క ఇంట్లో ఉన్నాడు. నేను ఫోను చేస్తే రైల్వే స్టేషనుకు రమ్మన్నాడు. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చున్నాం. బెంగళూరు పోయే బండి అప్పుడే వెళ్లిపోయింది, మనుషులు పలచబడ్డారు. కొత్త చెప్పులు వేసుకుని, అవి కరుస్తున్నాయేమో కుంటుతూ వచ్చాడు. ఆపాను చూసి బిత్తరపోయాడు.

నేను చెప్పాను. ఎలా చెప్పాలో బస్సులో ఎన్నో వాక్యాలు కూర్చుకున్నాను, ఒక్కటీ గుర్తు రాలేదు. "రెడ్డెప్పా, ఆ లెక్క తప్పు. నువ్వు చెప్పని కాడ నేనే రాసినాను" అన్నాను.

"ఏందన్నా నువ్వు? అయితే మళ్లీ కట్టు. ఈసారి సరిగ్గా కట్టు. ఎంతొస్తాదో చెప్పు."

"రాదు రెడ్డెప్పా. ఎన్నిసార్లు కట్టినా అది చెప్పలేదు. ఇష్టం ఎట్లుంటుందో సుమారుగా చెప్పడానికి ఆ మెట్లు పెట్టినారు. పెళ్లి చేసుకోవచ్చా లేదా అని వాటిలో యాడా లేదు. ఆ మాట నేను కలిపినాను."

"సంతకం పెట్టి ఇస్తివి కదన్నా!" అని అరిచాడు. "రేయ్, నేను మా అమ్మకు చెప్పేసినా, నాకు బాగుండాదీ అని. నీ కాగితం సూసుకుని చెప్పేసినా."

అతను నన్ను 'రేయ్' అనడం అదే మొదలు, అదే చివర. నేను తల దించుకున్నాను. ఆపా అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది. నా నోటుపుస్తకం అతని ఒళ్లో పెట్టి, నేను రాసిన పదకొండు జవాబులనూ రబ్బరుతో తుడిచింది. తుడిచిన పొట్టు చీర కుచ్చిళ్ల మీంచి దులుపుకుని, పెన్సిలు అతనికిచ్చింది.

"రాయాల్సిన పని లేదప్పా. సదువుకో సాలు. ఎవురికీ సూపించొద్దు. మాక్కూడా."

అతను చదివాడు. చాలాసేపు పట్టింది. ఒక గూడ్సు బండి పూర్తిగా పోయింది. పెన్సిలు వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు గానీ ఒక్క అక్షరం రాయలేదు. చివరికి పుస్తకం మూసి, "నాకు తెలుసాపా" అన్నాడు. "మొదట్నుంచీ తెలుసు. అన్న దగ్గరికి యాలకు పోయినానంటే, సదువుకున్నోడు, వేరేది చెప్తాడేమో అని."

"ఆ పిల్ల పేరేంది?"

"హేమలత."

"ఆ పిల్లను ఎవురన్నా ఏమన్నా అడిగినారా?"

"ఎవురడుగుతారాపా, మన తట్టు?" అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ఆపా అతని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. చేసుకోమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. లేచేటప్పుడు మాత్రం, "చెప్పులు కరుస్తాండాయి గదా, విప్పి చేత్తో పట్టుకో. ఎవురేమనుకున్నా పర్వాలేదు" అంది. అతను నిజంగానే చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లాడు.

నా కాగితం తిరిగి ఇమ్మని అడిగితే, ఊళ్లో చొక్కా జేబులో ఉందన్నాడు.

తిరుగు బస్సులో పలమనేరు దగ్గర ఆపా జామకాయలు కొనింది. ఒకటి నాకిచ్చి, ఉప్పూ కారం పొట్లం ఒళ్లో విప్పింది. ఇక ఆగలేక చెప్పాను. "ఆపా, నాకు సున్నా రాలేదు."

"నేనడిగినానా?"

"అడిగినారు, ఆ రోజు."

"అడిగినా గదా. తప్పే. అట్లడక్కూడదు." కొంచెంసేపు నమిలి, మళ్లీ అంది. "నీకు చెప్పాలనిపించిన దినం చెప్పు. పదేండ్లయినా సరే. ఇప్పుడు ఏడుపు మొకంతో చెప్పొద్దు, ముందు కాయ తిను."

మరునాడు రెడ్డెప్ప వాళ్ల అమ్మకూ అక్కకూ ఈ పెళ్లి తనకొద్దని చెప్పేశాడు. తాంబూలాలు ఆగిపోయాయి. కారణం చెప్పలేదు. అమ్మాయి తరఫువాళ్లు వ్యానుకు అడ్డం నిలబడి తిట్టారట. అంతా పడ్డాడు. ఆ మరుసటి ఏడు ఆ అమ్మాయికి వేరే సంబంధం కుదిరిందని విన్నాను.

వారం తర్వాత అతని తండ్రి మా ఆఫీసుకు వచ్చాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, చేతిలో నా కాగితం. ఉతకడానికి వేసిన చొక్కాలో దొరికిందట. మునిరత్నం అంటే ఎవరని ఊళ్లో ఆరా తీస్తూ వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆపా నన్ను చేత్తో పక్కకు నెట్టి, ముందుకు వచ్చింది.

"ఇదేంది మేడమ్మా? ఆరుకు రెండంట! మావోడు దేంట్లో ఫెయిలయినాడు?"

"కూర్చోప్పా. దేంట్లోనూ ఫెయిలు కాలేదు. అది మా ఆఫీసు రాసిన తప్పు కాగితం. మా తప్పు, మన్నించాల."

"మావోడికి ఏం జబ్బుండాదో చెప్పు. పేరు చెప్తే బెంగుళూరులో సూపిస్తా. ఆవును అమ్మయినా సూపిస్తా."

"జబ్బు ల్యాదు. నేను నర్సును, అబద్ధం చెప్పను."

"మరి పెండ్లి యాల వద్దంటాడు?"

"వాణ్ణే అడుగప్పా. అడిగినాక వాడు చెప్పేదాకా లేసి పోవద్దు. అదొక్కటే కష్టం. ఒక దినంలో చెప్పకపోతే, ఇంకో దినం కూర్చో."

ఆయన చాలాసేపు కాగితాన్ని మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. ఇచ్చిన టీ తాగకుండా వెళ్లాడు. తండ్రీ కొడుకులు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఏడాది పైగా మాటలే లేవని రెడ్డెప్ప చెప్పాడు. ఆ తర్వాత ఒకరోజు పాలక్యాను దించడానికి తండ్రే వచ్చి ఒక చెయ్యి వేశాడట. "అంతేనన్నా, ఏం మాట్లాడలేదు. క్యాను పట్టినాడు" అన్నాడు. ఆ సంగతి చెప్పడానికి వాళ్ల ఊరి నుంచి ప్రత్యేకంగా వచ్చాడు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేయమని పై ఆఫీసు రాసింది. ఆపాయే జరిగింది దాచకుండా నివేదిక పంపింది. అందులో తన పేరు ముందు రాసి, నా పేరు తర్వాత రాసింది. చివరికి ఇద్దరికీ హెచ్చరికతో సరిపోయింది. "నన్నెందుకు కాపాడినారు?" అని అడిగితే, "కాపాడలేదప్పా. తప్పు తెలిసినోణ్ణి తీసేస్తే తెలీనోడు వస్తాడు. మళ్లీ మొదట్నుంచి యాడ నేర్పేది?" అంది.

మా అమ్మ తెచ్చిన సంబంధాలకు నేను వద్దని చెప్పడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆపాకు చెప్పడానికి తొమ్మిదేళ్లు. అప్పటికి ఆమె పని మానేసి, పుంగనూరులో కూతురి ఇంట్లో ఉంటోంది. చెవులు బాగా మందగించాయి. ఒక మధ్యాహ్నం పోయి మంచం పక్కన కూర్చున్నాను. మెల్లగా చెప్పాను. వినపడలేదు.

"ఏమప్పా? గట్టిగ చెప్పు."

"ఆపా, నాకు ఆడోళ్లూ ఇష్టమైనారు, మగోళ్లూ ఇష్టమైనారు. ఏది ఎక్కువో తెలీదు" అని అరిచాను. నలభై ఏళ్ల మనిషిని, ఆ మాట జీవితంలో మొదటిసారి నోటితో అంటున్నాను, అదీ వీధికి వినిపించేట్టు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆపా నా ముఖం వైపు చూసి, "ఇంకా ఏమన్నా ఉండాదా చెప్పేది?" అని అడిగింది. లేదన్నాను. "అయితే అన్నం తిను" అంది. గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. ఆమె కూతురు పళ్లెం తెచ్చి పెట్టి, "అన్నా, ఇంకో అప్పడం ఎయ్యనా?" అంది. వేయమన్నాను.

ఆపా పోయి రెండేళ్లవుతోంది. నేనిప్పుడు కుప్పంలో అలాంటి పనే చేస్తున్నాను. ఫారాలు పోయి, వేలితో తాకే పలక వచ్చింది. అందులో గడులు పెరిగాయి. మంచి మాటలు, మర్యాదైన మాటలు వచ్చాయి. వాటితో తమను తాము చెప్పుకోగలిగినవాళ్ల ముఖాల్లో వెలుగు చూశాను కనుక వాటిని నేను చిన్నచూపు చూడను. నేను ఇప్పటికీ చదువుతాను. సైన్సు బీరువా పూర్తయింది, తత్వశాస్త్రం మొదలుపెట్టాను. అయితే మాలాగా గురువు లేకుండా చదువుకున్నవాళ్లకు నోటికి రానిది ఒక్క మాటే, తెలియదు అనేది. ఎక్కడ ఆ మాట అంటే మన చదువు అబద్ధమైపోతుందో అని భయం. ఆ భయంతోనే నేను రెడ్డెప్పకు సంతకం పెట్టి ఇచ్చాను. ఆపా దగ్గర నాకు మిగిలిన చదువంతా ఆ భయం పోవడమే.

పోయిన నెల ఇంజనీరింగు చదివే ఒక అమ్మాయి వచ్చింది. కూర్చోకుండానే ఫోను చూపించి, ఇంటర్నెట్లో మూడు పరీక్షలు రాశానని, మూడింటిలో మూడు రకాలుగా వచ్చిందని చెప్పింది. "సార్, మీరు చాలా చదువుతారంట కదా. నేనేందో మీరు చెప్పండి సార్. ఇంట్లో సంబంధం చూస్తాండారు. నాకు టైము లేదు" అంది.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

ఆమె ముఖం వాడిపోయింది. "బుక్కుల్లో కూడా లేదా సార్?"

"బుక్కుల్లో ఎవరెవరి సంగతులో ఉండాయి. నీది ఇంకా ఎవురూ వినలేదు. సంబంధం సంగతి మొదట చెప్పు. ఎప్పుడొస్తాండారు వాళ్లు?"

"ఆదివారం."

"ఈ రోజు సోమవారమే కదా" అని, పలక తిరగేసి పక్కన పెట్టి, ఆమెకు గాలి తగిలేట్టు ఫ్యాను తిప్పాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.